ఇద్దరి పడవ

బెజ్జంలో బిరడా లేదు.

వైశాలి మళ్ళీ వేలు పెట్టి చూసింది, కళ్ళు చెప్పినదాన్ని వేలు కాదంటుందేమోనని. లేదు. పడవ వెనక గోడకు అడుగున, చుక్కాని తగిలించే కొక్కేలకు కాస్త కింద, రూపాయి బిళ్ళంత గుండ్రటి బెజ్జం. అందులో నల్లటి ప్లాస్టిక్ బిరడా గట్టిగా బిగించి ఉండాలి. దాని బదులు నల్లదారం ఉంది. దారానికి బయటివైపు నిమ్మకాయ, దాని కింద నిగనిగలాడే పచ్చిమిరపకాయలు, లోపలివైపు దారం జారిపోకుండా బెజ్జంలోంచి దూర్చి అడ్డం తిప్పిన చిన్న బొగ్గుముక్క. ఎంత ముద్దుగా ఉందో. అంత భయంలోనూ ఆమెకు ముందు ఆ మాటే తోచింది, ఎంత ముద్దుగా ఉందో అని, తెల్లటి పడవకు పచ్చటి నిమ్మకాయ, పెళ్ళికూతురి జడ చివర కుచ్చులు వేలాడుతున్నట్టు, ఎవరో మనసు పెట్టి కట్టారు, ఎవరో ఏమిటి, అత్తమ్మే కట్టింది, ఇందాక తను పక్కన ఉండగానే కట్టింది. కట్టడం చూసింది గానీ దేన్ని ఊడదీసి కట్టిందో చూడలేదు. అప్పుడు తను ప్రేమ్ మెడ వెనక అంటుకున్న గడ్డిపరకను చూస్తోంది. తియ్యాలా, ఉంచాలా, ఉంచితే ఇంకాసేపు చూసుకోవచ్చు కదా అని ఆలోచిస్తోంది. పెళ్ళయి ఇన్ని నెలలయినా ఆ మెడ కనబడితే బుద్ధి పనిచెయ్యదు, బీఎస్సీలో ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్న బుద్ధి.

"వైషూ, వెనకదంతా చూసినవా?" పడవ ముందు నుంచి ప్రేమ్ కేక.

"చూస్తున్న!" అంది.

చూడటమంటే ఊరికే చూడటం కాదు, ఒక్కో వస్తువునూ చేత్తో ముట్టుకుని పేరు పైకి చెప్పుకోవాలి, థర్మల్ ప్లాంటులో డ్యూటీ ఎక్కేముందు ప్రేమ్ వాల్వుల్ని అలాగే ముట్టుకుని చెప్పుకుంటాడట. ముందు సగం అతనిది, వెనక సగం ఆమెది. చుక్కాని, చుక్కాని పిడి, తాడు, నీళ్ళు తోడే డబ్బా, బిరడా. ఈ పంపకం జరిగిన రోజు ఆమె లాల్‌పేట్‌లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, సగం పడవ నా పేరు మీదే తెలుసా అని చెప్పింది, అమ్మ అర్థం కాక ఏ సగమే అని అడిగింది. అప్పట్నుంచి ప్లాంటువాళ్ళ ఊర్జానగర్ క్వార్టర్లో దివాన్ మీద కూర్చుని ఇద్దరూ సాధన చేశారు. బూజుకర్రను అడ్డంగా పట్టుకుని ప్రేమ్ "తల!" అని అరుస్తాడు, తెరచాప కింది అడ్డకర్ర నెత్తికి తగలకుండా ఆమె వంగాలి, వంగినట్టే అటు పక్క నుంచి ఇటు పక్కకు గెంతాలి, గెంతేటప్పుడు తాడు వదలకూడదు. ఆ తాడు ఆమె పెళ్ళి చున్నీ. కింది క్వార్టరు కాకూ, ఆ మరాఠీ పిన్నిగారు, పైకి వచ్చి ఏం దంచుతున్నారని అడిగింది. పడవ నడుపుతున్నాం కాకూ అంటే ఆమె మొహం ఎలా పెట్టిందో గుర్తొచ్చి ఇప్పుడు కూడా నవ్వు రాబోయింది, నవ్వు సగంలో ఉండగానే వేలికి దారం తగిలింది.

పడవ కడుపు డొల్ల. పైకి చెక్కలా గట్టిగా కనబడుతుంది గానీ లోపలంతా గాలి, అది తేలేది ఆ గాలి వల్లే, కొట్టుకొచ్చిన నీళ్ళు ఏమైనా లోపల చేరితే ఒడ్డుకు తెచ్చాక వంచి పోగొట్టడానికి ఆ బెజ్జం, పోగొట్టాక మూసుకోవడానికి ఆ బిరడా. అది లేకుండా నీళ్ళలోకి దించితే వెంటనే ఏమీ తెలియదు, అదే దాంతో వచ్చిన చిక్కు, చప్పుడు ఉండదు, బుడగ ఉండదు, కడుపులోకి నీళ్ళు చేరుతూ ఉంటాయి, పడవ మత్తెక్కినట్టు బరువెక్కుతుంది, చుక్కాని మాట వినదు, అప్పటికి నడిమధ్యకు వచ్చి ఉంటాం, ఒక్క గాలి విసురుకు పక్కకు ఒరిగిపోతుంది. ప్రేమ్ ఈ మాటలు ఎన్నిసార్లు చెప్పాడో. ఇవాళ కూడా చెప్పాడు, తనకు కాదు, అమిత్‌కు. ప్లాంటులో ప్రేమ్ పక్క సీటు అమిత్, పడవను తన జీపుకు కట్టి ఇక్కడిదాకా లాక్కొచ్చింది అతనే. ఎప్పుడు చెప్పాడు? నిమ్మకాయ కట్టాక చెప్పాడా, కట్టకముందు చెప్పాడా?

అక్కడ ఆగిపోయింది వైశాలి మనసు. అడగకూడని ప్రశ్నను తనే అడిగినట్టయింది.

కొబ్బరికాయ ముందు కొట్టారు. అది రూఢి. కొబ్బరినీళ్ళు పడవ మూతి మీద పడి ఎండలో మెరిశాయి, అమిత్ ముక్క నోట్లో వేసుకుని కాకూ అజూన్ ద్యా, ఇంకా పెట్టండి అని చెయ్యి చాపాడు, అత్తమ్మ అతని చేతి మీద చిన్నగా కొట్టి ఇంకో ముక్క పెట్టింది. తర్వాత పసుపు కుంకుమ. తర్వాత నిమ్మకాయ. ప్రేమ్ వాళ్ళింట్లో కొత్తది ఏది కొన్నా, స్కూటరైనా, త్రాసైనా, ఫ్రిజ్జయినా, వాడకముందు ఇంటి పెద్ద ఆడమనిషి దాని వెనక నిమ్మకాయ, మిరపకాయలు కట్టాల్సిందే, వాళ్ళ గిన్నెల దుకాణంలో మిక్సీకి కూడా వెనక వైర్ దగ్గర ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి వేలాడుతూ ఉంటుంది. మరి ప్రేమ్ అమిత్‌ను వెనక్కి పిలిచి, ఇదిగో చూడు, దీని మీదే అంతా ఆధారపడి ఉందిరా అని నవ్వుతూ హిందీలో చెప్పింది ఎప్పుడు? ఇదిగో అని చూపించాడంటే అప్పుడు బిరడా ఉండి ఉండాలి. కానీ అతను చూపించలేదేమో, తెరచాప కొయ్య నిలబెడుతూ అక్కడి నుంచే చెయ్యి ఊపి చెప్పాడేమో. అత్తమ్మ అప్పుడెక్కడుంది? ముందు చెప్పి ఉంటే, అత్తమ్మ విని ఉంటే, విన్నాక వెళ్ళి ఊడదీసి ఉంటే. ఛీ. ఏం ఆలోచిస్తున్నానే నేను. నిన్న సాయంత్రం నా అరికాలిలో ముల్లు గుచ్చుకుంటే కళ్ళద్దాలు పెట్టుకుని దీపం దగ్గర కూర్చుని తీసిన మనిషి గురించి.

కానీ పడవ వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎలా ఉందో ఆమెకు తెలుసు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళు ప్రేమ్ అక్కడ చెరువులో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు, ఇంట్లో చెప్పకుండా, ఆదివారాలు సినిమాకు పోయానని అబద్ధం చెప్పి. అక్కడి క్లబ్బులో ఎవరో వాడి వదిలేసిన పడవను పెళ్ళయ్యాక కొన్నాడు. లారీలో ఆదిలాబాద్ మీదుగా తెస్తుంటే వెనకే కారులో వీళ్ళిద్దరూ, దారి పొడవునా ఊళ్ళలో పిల్లలు లారీ వెంట పరుగు. లక్కడ్‌కోట్ దగ్గర రాష్ట్ర సరిహద్దులో పోలీసాయన ఆపి ఏంది గిది అన్నాడు. పడవ సార్. పడవైతే నీళ్ళల్ల పోవాలె గని రోడ్డు మీద పోతదా? నీళ్ళకాడికే తీస్కపోతున్నం సార్. ఆయన చుట్టూ తిరిగి, దీనికి నంబరు ప్లేటు ఏదని అడిగి, తన ప్రశ్నకు తనే నవ్వేసి, ఫోన్ తీసి పడవ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆ ఫోటో తీసింది వైశాలే. అంత సంతోషం ఒక మనిషికి ఒక్క రోజులో ఎలా పడుతుందా అనుకుంది ఆ వేళ. రాజురా దాటి వార్ధా వంతెన మీదికి రాగానే పక్కనున్న ప్రేమ్ మాట్లాడటం మానేశాడు, వంతెన దాటేదాకా మాట్లాడలేదు. ఇంటికి చేరితే అత్తమ్మ గుమ్మంలో నిలబడి పడవను ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, "మీ నాయన గూడ గట్లనే, నీళ్ళంటే లెక్కలేకుండె" అని లోపలికి పోయింది. అంతే. అప్పట్నుంచి కంచం పెడుతుంది, కూర వేస్తుంది, కొడుకు ఎదురుగా కూర్చోదు.

మామయ్యను వైశాలి ఫోటోలోనే చూసింది. రామనాథం గారు, దుకాణం బోర్డు మీద ఇంకా ఆయన పేరే. రాజురా వైపు సంతకు గిన్నెలు వేసుకుని పోయి, వానాకాలంలో తిరిగి వస్తూ, ఆ వార్ధా వంతెన మీదే నీళ్ళు పారుతున్నా, ఎంత లోతుంటది, మోకాళ్ళ దాకనే కదా అన్నాడట. జీపు దొరికింది, గిన్నెలు కొన్ని దొరికాయి, ఆయన నాలుగు ఊళ్ళ అవతల దొరికాడు. అప్పుడు ప్రేమ్ ఏడో తరగతి. అత్తమ్మ ఒడ్డు మీద ఎంతసేపు కూర్చుందో, ఎవరు లేపుకొచ్చారో ఎవరూ చెప్పలేదు, ప్రేమ్ కూడా. ఇప్పటికీ బస్సు ఆ వంతెన ఎక్కితే అత్తమ్మ కళ్ళు మూసుకుంటుంది, దాటాక పక్కవాళ్ళను అయ్యిందా అని అడిగి తెరుస్తుంది.

అలాంటి మనిషి నిన్న, నేను గూడ వస్త, దిష్టి కట్టకుండ కొత్తది ఎట్ల బయటికి పోతది అంది. ప్రేమ్ నమ్మలేదు. ఇందాక ఆమె నిమ్మకాయ కట్టడం అయ్యాక వచ్చి వైశాలి చెవిలో, అమ్మ కట్టింది, చూసినవా, అన్నాడు, అతని కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వడానికి పెదాలు సరిగా రాలేదు. అమ్మ ఒప్పుకుందన్న మాట అతనికి ఆ నిమ్మకాయలో కనబడింది. ఇప్పుడు పోయి, ఆ నిమ్మకాయ కట్టింది ఎక్కడో చూడు అని ఎలా చెప్పడం. కావాలని చేసిందా అని అతను అడిగితే? అడక్కుండా ఊరుకుంటే, అది ఇంకా ఘోరం.

"వైనీ, ఘాబరూ నకా!" అమిత్ కొయ్యకు తాడు బిగిస్తూ అరిచాడు. వదినను భయపడొద్దంటున్నాడు. నీళ్ళు తాగడానికి పులి వస్తే మీరిద్దరూ పడవలో హాయిగా ఉంటారు, ఒడ్డున దొరికేది నేనూ కాకూనే, అందులో కూడా పులి నన్నే ఎంచుకుంటుంది, కాకూ జోలికి వచ్చే ధైర్యం దానికి లేదు అని మరాఠీలో నవ్వుతున్నాడు. ప్రేమ్ నవ్వలేదు. రిజర్వాయరు ఎదురు ఒడ్డున తమ థర్మల్ ప్లాంటు చిమ్నీల వైపు చూస్తున్నాడు. ఊరంతా ఆ పొగను తిడుతుంది, ఆరేసిన బట్టల మీద బూడిద అని, పిల్లలకు దగ్గు అని, ప్రేమ్ ఒక్కడే దాంట్లో గాలిని చదువుతాడు. పొగ నిట్టనిలువుగా ఉంటే గాలి లేదు. వంగితే వచ్చింది. పూర్తిగా పడుకుంటే మనం దిగొద్దు. ఇందాకటి దాకా కర్పూరపు పొగలా నిటారుగా ఉన్నది ఇప్పుడు మెడ వంచింది. నీళ్ళ మీద అక్కడక్కడ ముడతలు లేస్తున్నాయి. తెరచాప ఒక్కసారి ఫటఫటమని కొట్టుకుని ఊరుకుంది.

"వస్తుంది వైషూ, గాలి వస్తుంది. జల్ది!"

ఆమె లేచింది. ఒంటి మీద ఎర్రటి లైఫ్ జాకెట్, కింద పెళ్ళికి పెట్టిన పారాణి ఎప్పుడో పోయిన పాదాలు, బురద. అత్తమ్మ కొంచెం ఎగువన రాతి మీద కూర్చుని ఉంది. పూజప్పుడు తప్ప పొద్దుట్నుంచి నీళ్ళకు వీపు పెట్టి కూర్చుంది, ఇప్పుడు మాత్రం పక్కకు తిరిగింది, పడవనే చూస్తోంది. కుడిచెయ్యి గుప్పిట. ఆ రాతి దాకా నాలుగడుగులే గానీ వైశాలికి ఎంతకూ తరగలేదు. వాళ్ళ నాన్న ఎల్లన్న గని దిగే రోజుల్లో, తాగిన చాయ్ గ్లాసును అమ్మ కడిగేది కాదు. ఆయన తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాకే కడిగేది, అడిగితే, ఏందో, యాది మరిసిన అనేది, ప్రతి రోజూ మరిచిపోయేది. లాల్‌పేట్ క్వార్టర్లలో ఏ ఇంట్లో చూసినా పొయ్యి గట్టు మీద ఒక ఎంగిలి గ్లాసు ఉండేది. చిన్నప్పుడు వైశాలికి అది బద్ధకంలా కనబడేది. భయానికి ఇన్ని వేషాలు ఉంటాయని అప్పుడు తెలియదు, గ్లాసు కడక్కపోవడం ఒక వేషం, నిమ్మకాయ కట్టడం ఒక వేషం, తనేమో నవ్వుతుంది, భయమేసినప్పుడల్లా నవ్వుతుంది, ఇప్పుడు ఎందుకో నవ్వు కూడా రావడం లేదు.

"అత్తమ్మా, నీళ్ళు తాగుతరా?" అంది. అడగాలనుకున్నది అది కాదు.

"ఇన్ని నీళ్ళకాడ కూసోవెట్టి నీళ్ళు తాగుతవా అంటవేందే."

వైశాలి ఆమె ముందు గొంతుక్కూర్చుంది. జాకెట్ గడ్డానికి అడ్డం వచ్చింది. "నిమ్మకాయ మస్తు మంచిగ కట్టినరు."

"ముందల యాడ కట్టాలె? అంత నున్నగ, కొత్త గిన్నె లెక్క. వెనక గదొక్కటే బెజ్జముండె, దానికి మూత వెట్టిన్రు. తిప్పితే వచ్చింది." గుప్పిట ఒళ్ళోకి జరిగింది. "నా కాడనే ఉంది."

"ఇస్తరా మరి?"

అత్తమ్మ ఇవ్వలేదు. చెట్లలో ఏదో పిట్ట ఒక్కటే పట్టు పట్టి కూస్తోంది. "ఊడదీసినప్పుడు నాకేం తెలుసు బిడ్డా. సీసా మూత అసుంటిదే అనుకున్న. దారం కట్టి, మూత చేతుల వట్కోనే నిలబడ్డ. గప్పుడు వాడు ఆ పిలగానికి చెప్పవట్టె, గది లేకుంటె మునుగుతదని. నవ్వుకుంట చెప్పవట్టె. తీస్కపోయి పెడదామనే అనుకున్న." ఆమె తన చేతిని వేరేవాళ్ళ చేతిని చూసినట్టు చూసుకుంది. "చెయ్యి తెరుసుకోలే."

కట్టాకే విన్నది. వైశాలి గుండెల్లో ఏదో సర్దుకుంది, సర్దుకున్న మరుక్షణమే మండింది. కట్టాక విన్నది, సరే, విన్నాక ఊరుకుంది కదా. "మేము నీళ్ళల్లకు పోతే? అప్పుడు గూడ చెప్పకపోదురా?" అత్తమ్మతో ఆ గొంతుతో ఎన్నడూ మాట్లాడలేదు. తన మాట తనకే చెంపదెబ్బలా వినబడింది.

"పోనిస్తనా?" అత్తమ్మ కళ్ళెత్తింది. "పడవ కదిలితే ఒర్రుదామని గొంతు సవరించుకోని కూసున్న. ఒర్రితె ఏమంటడు వాడు? అమ్మ ఆపనీకె వచ్చింది అంటడు. నిజమే గద. నువ్వు ఎనకకు వోయి వేలు వెట్టవడితివి చూడు, నా పానం అప్పుడు తిరిగొచ్చింది." పడవ వైపు చూస్తూ, "ఇయాల ఆపితె రేపు పోతడు. నాకు తెల్వదా. గిది వారేస్తె ఇంకోటి తెస్తడు," అంది.

గుప్పిట విప్పింది. అరచేతిలో బిరడా, దాని చుట్టూ మరల గుర్తులు చర్మం మీద ఎర్రగా పడి ఉన్నాయి, ఎంత గట్టిగా పట్టుకుందో. వైశాలి తీసుకుంది. వెచ్చగా ఉంది. ఆ చేతిని ఒక్కసారి రెండు చేతులతో పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు, గాలి వచ్చేసింది, తెరచాప ఆగకుండా కొట్టుకుంటోంది, ప్రేమ్ ఏదో అరుస్తున్నాడు.

పరుగున వచ్చి పడవ వెనక మోకరించింది. వేలితో బొగ్గుముక్కను నిలువుగా తిప్పి బెజ్జంలోంచి బయటకు లాగి, నిమ్మకాయను చుక్కాని కొక్కేనికి కట్టింది, ముడి రెండుసార్లు జారింది. బిరడాను బెజ్జంలో పెట్టి తిప్పింది. మొదటిసారి అడ్డంగా పట్టింది, వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది, ఈసారి సాఫీగా దిగింది, మణికట్టు నొప్పి పుట్టేదాకా బిగించింది. బిరడా, అని పైకి అంది. పేరు చెప్పుకోవాలి కదా.

"అయ్యిందా?"

"అయ్యింది!"

లేచి తిరిగేసరికి అత్తమ్మ నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది, దుకాణంలో పై అర సరుకు దించేటప్పుడు దోపుకున్నట్టు.

"గది ఇటియ్యి."

"ఏంది అత్తమ్మా?"

"నీ పెయి మీది ఎర్రది. నేనెక్కుత."

ప్రేమ్ కొయ్యను పట్టుకున్న చేతిని వదలకుండానే ఇటు చూశాడు. "అమ్మా? నీకు నీళ్ళంటే..."

"నీళ్ళంటే ఏమైంది? ఒడ్డు మీద కూసునుడు నాతోని కాదురా ఇగ. నువ్వు చిన్నగున్నప్పటి సంది కూసునే ఉన్న. పోతే నీ పక్కకు కూసుంట. మునిగితె నా కండ్ల ముందల మునుగుతవ్, తేలితె నా కండ్ల ముందల తేలుతవ్." తర్వాత వైశాలి వైపు తిరిగింది, గొంతు తగ్గింది. "నీ జాగ అని తెలుసు బిడ్డా. ఒక్కసారికి అడుగుతున్న."

అది ఇద్దరి పడవ. ముగ్గురికి చోటు లేదు. ప్రేమ్ వైశాలిని చూశాడు, నువ్వేమంటే అదే అన్నట్టు, ఆ చూపులోనే ఎంత ఆశ ఉందో అతనికి తెలియదు. వైశాలికి చిన్నపిల్లలా ఏడుపు వచ్చింది. మొదటిసారి తనది కదా, దివాన్ మీద మోకాళ్ళు కొట్టుకుపోయేలా గెంతింది తను కదా, కొత్త కుర్తా తెరచాప పక్కన బాగుంటుందని ఏరి ఏరి నీలంది కొనుక్కుంది కదా. రెండోసారి ఉంటుంది, మూడోసారి ఉంటుంది, మొదటిసారి మళ్ళీ ఉండదు. ఇవన్నీ ఒక్క గుక్కలో తోచాయి, తోస్తుండగానే వేళ్ళు జాకెట్ బకిల్స్ విప్పుతున్నాయి.

"ఆయన 'తల' అని ఒర్రంగనే వంగాలె అత్తమ్మా, ఆ కర్ర ఇటు నుంచి అటు తిరుగుతది. వంగుకుంటనే అటు పక్కకు జరగాలె. మీరు తాడు పట్టకుండ్రి, ఆయన పడతరు."

"తల వంచుడు నాకు నేర్పుతున్నవా? అటక కింద గింత జాగల కూసోని ఇన్నేండ్లు గిన్నెలమ్మిన."

కాకూ, మీరు పోతే నన్ను పులి నుంచి ఎవరు కాపాడతారు అన్నాడు అమిత్. అంటూనే పడవ ఉన్న ట్రాలీ వెనక భుజం పెట్టాడు. నీళ్ళు చల్లగా మోకాళ్ళను పట్టుకున్నాయి. పడవ కొంచెం కొంచెంగా బరువు తగ్గి, తేలి, ఊగింది. అత్తమ్మ ప్రేమ్ భుజం పట్టుకుని ఎక్కింది. ఎక్కేటప్పుడు వెనక గోడ పక్క నుంచే ఎక్కింది, ఒక్కసారి వంగి చూస్తే బెజ్జం కనబడేది, చెయ్యి చాపితే తగిలేది. వంగలేదు, చాపలేదు. నేరుగా పోయి ప్రేమ్ పక్కన కూర్చుని రెండు చేతులతో అంచు పట్టుకుంది, కళ్ళు తెరిచే ఉంది. వైశాలి చేతిలో పడవ మూతికి కట్టిన తాడు. అది గుంజుతోంది, దారి చూపమన్న దూడలా గుంజుతోంది.

"వదులు వైషూ."

వదల్లేదు. ప్రేమ్ అర్థం కానట్టు చూశాడు. అత్తమ్మకు అర్థమైంది, చిన్నగా తల ఊపింది. వైశాలి తాడు వదిలింది.

అంత తొందరగా పోతుందని అనుకోలేదు. ఇప్పుడే ఇక్కడ ఉంది, చెయ్యి చాపితే అందేది, అంతలోనే తెరచాప కడుపు నింపుకుంది, ఫటఫటలు ఆగాయి, ఏ చప్పుడూ లేకుండా పడవ నీళ్ళను కోసుకుంటూ పోయింది. అందంగా ఉంది. ఎంత అందంగా ఉందో చూడాలని ఇన్నాళ్ళూ అనుకుంది, ఇప్పుడు ఆమె చూస్తున్నది అందాన్ని కాదు, పడవ వెనక భాగాన్ని. అది నీళ్ళకు ఎంత ఎత్తున ఉంది. ఇందాకటి అంతే ఉందా, కిందికి దిగిందా. మొదటిసారి అడ్డంగా పట్టింది కదా, మర చెడిపోయిందేమో, ఆఖరికి గట్టిగా దిగింది బిరడా కాదేమో, తన భయమేమో. మణికట్టు నొప్పి పుట్టింది కదా. మణికట్టుకేం తెలుసు. చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట, ప్రేమ్, నువ్వొకసారి చూడు అని. అంటే ఎందుకని అడిగేవాడు, అడిగితే చెప్పాల్సి వచ్చేది. తల్లీకొడుకుల మధ్య మాట తేలికగా ఉండాలని వాళ్ళిద్దరి ప్రాణాల్నీ తన మణికట్టు మీద పెట్టుకుందా ఏమిటి, ఏం చేసిందో ఇప్పుడు తెలుస్తోంది, ఒడ్డున నిలబడ్డాక. చిమ్నీ పొగ ఇంకాస్త వంగింది. పడుకుంటే దిగొద్దు అన్నాడు, దిగాక పడుకుంటే ఏం చెయ్యాలో చెప్పలేదు. నీళ్ళ మీద నల్లటి మచ్చ ఒకటి పరుగెత్తుకుంటూ పడవ వైపు పోతోంది, గాలి విసురు, ఇక్కణ్ణించి కనబడుతోంది, అక్కడ వాళ్ళకు కనబడుతోందా. తగిలింది. పడవ ఒరిగింది. తెరచాప ఒక పక్కకు వాలిపోయి వాళ్ళిద్దరినీ కప్పేసింది, తెల్లటి గుడ్డ తప్ప ఏమీ లేదు. అమిత్ నవ్వు ఆగిపోయింది. వైశాలి నోరు తెరిచింది. ఏ పేరు పిలవాలో, ఎవర్ని ముందు పిలవాలో తెలియలేదు. పిలిచినా వినబడదు. ఏం చేసినా అక్కడికి చేరదు. ఒడ్డు అంటే ఇదా. ఇంత మామూలుగా ఉంటుందా, కాళ్ళ కింద ఇసుక, పక్కన పిట్ట, మనిషి లోపల మాత్రం ఏదీ దాని చోట లేకుండా.

తెరచాప లేచింది. నెమ్మదిగా, ఒళ్ళు విరుచుకున్నట్టు. దాని కింద రెండు ఎర్రటి మచ్చలు పక్కపక్కనే, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ ఉన్నాయి. పడవ అర్ధచంద్రంలా తిరిగి ఒడ్డు వైపే వస్తోంది, వెనక భాగం నీళ్ళకు ఎత్తుగానే ఉంది, ఎత్తుగానే ఉంది, ఆమె ఆ మాటను ఎన్నిసార్లు అనుకుందో. దగ్గరికి వచ్చేకొద్దీ మొహాలు తెలిశాయి. ప్రేమ్ తడిసిపోయాడు, నోరంతా నవ్వు, అమ్మ చేతికి చుక్కాని పిడి ఇచ్చి పైన తన చెయ్యి వేసి పట్టుకున్నాడు. అత్తమ్మ జుట్టు ముడి ఊడి మొహం మీద ఎగురుతోంది. ఆమె నవ్వడం లేదు. ఒడ్డు మీది కోడలినే చూస్తోంది, అలవాటున్న పనిని కొత్తవాళ్ళు చేస్తుంటే చూసే చూపు. ఏదో అరిచింది. గాలికి సగం కొట్టుకుపోయింది. వైశాలి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గట్ల నిలవడకు బిడ్డా! కాళ్ళు గుంజుతయ్! కూసో!"

దిగుతారేమోనని అమిత్ నీళ్ళలోకి నాలుగడుగులు వేశాడు. ప్రేమ్ "తల!" అన్నాడు. అత్తమ్మ వంగింది, అడ్డకర్ర తిరిగింది, పడవ ఒడ్డును తాకకుండానే మొహం తిప్పుకుని మళ్ళీ లోతుల్లోకి పోయింది. వాళ్ళకింకా తనివి తీరలేదు. వైశాలి కూర్చోలేదు. తెరచాప ఎటు పోతే అటు, ఒడ్డు వెంబడి, చెప్పుల్లేకుండా నడవడం మొదలుపెట్టింది.